మీరు అడిగారు: ఛాతీ మీద ఆ నంబరు ఏంటి?

పోయిన సంచికలో ఒక పాఠకుడు స్కీ రేసర్ల ఛాతీ మీద ఉండే ఆ నంబరు గురించి చిన్న ప్రశ్న అడిగితే నాలుగు లైన్లలో జవాబిచ్చి ఊరుకున్నాను. ఆ నాలుగు లైన్లు ఎవరికీ సరిపోలేదని ఇప్పుడు తెలిసొచ్చింది, ఎందుకంటే ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం దాని మీదే. సరే, ఈసారి పేజీ మొత్తం ఆల్పైన్ స్కీ రేసర్లకే, అంటే మంచుకొండ వాలు మీంచి కిందికి జారేవాళ్ళకే, ఇచ్చేస్తున్నాను. అడిగినవాళ్ళలో ఇద్దరు పేరు వేయొద్దన్నారు, అందుకని ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: కొండ మీంచి కిందికి జారడం కూడా ఒక కెరీరేనా సార్? సగం పని భూమ్యాకర్షణే చేసిపెడుతుంది కదా!

జవాబు: సగమేంటండీ, కిందికి లాగే పనంతా అదే చేస్తుంది. ఎక్కడ తిరగాలి, ఎప్పుడు తిరగాలి, తిరిగేటప్పుడు వేగం చేజారకుండా ఎలా పట్టుకోవాలి, ఈ మూడూ మాత్రం మనిషే చూసుకోవాలి. గొడవంతా అక్కడే ఉంది.

ఆల్పైన్ రేసుల్లో ముఖ్యంగా నాలుగు రకాలు. స్లాలొమ్‌లో గేట్లు, అంటే రేసరు చుట్టూ తిరిగి పోవాల్సిన కర్రలు, దగ్గర దగ్గరగా పాతి ఉంటాయి, ఎడమ, కుడి, ఎడమ, కుడి అంటూ ఊపిరి తీసుకోనివ్వకుండా తిప్పుతూనే ఉంటాయి. జెయింట్ స్లాలొమ్‌లో గేట్ల మధ్య దూరం పెరుగుతుంది, సూపర్ జీలో ఇంకా పెరుగుతుంది, డౌన్‌హిల్‌కి వచ్చేసరికి ఇక వేగానిదే రాజ్యం. స్విట్జర్లాండ్‌లోని వెంగెన్‌లో 2013లో ఫ్రాన్స్ రేసర్ జొహాన్ క్లారే గంటకు 161.9 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. కారులో కాదు, కాళ్ళకి రెండు పలకలు కట్టుకుని. ఈయన పేరు గుర్తుపెట్టుకోండి, కింద మళ్ళీ వస్తాడు.

స్లాలొమ్ చూసేటప్పుడు చాలామంది రేసర్ ఆ కర్రల్ని తప్పించుకుంటూ పోతున్నాడనుకుంటారు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. ఒకసారి స్లో మోషన్‌లో చూడండి, తప్పించుకోవడం కాదు, కొట్టుకుంటూ పోతాడు. రెండు పాదాలూ, రెండు స్కీల కొనలూ గేటు చుట్టూ తిరిగి పోవాలన్నదే రూలు. ఒంటికి ఆ రూలు లేదు. అందుకని ఒంటిని లోపలికి వాల్చేసి, చేతి కవచంతోనో కాలి ముందుభాగాన కట్టుకున్న కవచంతోనో కర్రని ఫట్‌మని పక్కకి పడగొట్టి, అది మళ్ళీ లేచి నిలబడేలోపు తరవాతి కర్ర దగ్గర ఉంటాడు. ఒక్క స్కీ కొన కర్రకి అటువైపు పోయిందా, ఆ రోజుకి ఆట అయిపోయినట్టే.

ప్రశ్న: అందరినీ ఒకేసారి వదిలితే ఎవరు ముందొస్తే వాళ్ళు గెలిచినట్టు. ఒక్కొక్కరినే పంపిస్తే ముందు దిగినవాడికి లాభం కదా? ఇదేం న్యాయం?

జవాబు: మీకు తెలియకుండానే ఈ ఆట గుట్టు పట్టేశారు. అవును, చాలాసార్లు లాభమే. రేసు మొదలైనప్పుడు దారి నున్నగా, గట్టిగా ఉంటుంది. ఒక్కో రేసరూ తిరిగిన చోట స్కీ అంచు మంచుని కోసుకుంటూ పోతుంది, పదిమంది పోయేసరికి అక్కడ గాడి పడుతుంది, నలభయ్యోవాడు దిగేసరికి ఇక తను ఎంచుకునే దారంటూ మిగలదు, ముందువాళ్ళు తవ్విపెట్టిన గాడిలో ఎగిరిపడుతూ పోవాల్సిందే. ఈ తేడా తగ్గించడానికే నిర్వాహకులు మంచులోకి నీళ్ళు ఎక్కించి గడ్డకట్టిస్తారు. మనం మంచు, మంచు అంటున్నాం గానీ పెద్ద రేసుల్లో అది ఫ్రిజ్‌లో ట్రే ఐస్ లాంటిది, మామూలు బూట్లతో నిలబడటం కూడా కష్టం.

మరి ముందు ఎవరు దిగాలన్నది ర్యాంకుని బట్టి తేలుతుంది. స్లాలొమ్, జెయింట్ స్లాలొమ్‌లలో మొదటి ఏడుగురికి 1 నుంచి 7 దాకా లాటరీ తీస్తారు, తరవాతి ఎనిమిది మందికి 8 నుంచి 15 దాకా, ఆపైన 30 వరకు ర్యాంకు వరసలో, మిగిలినవాళ్ళు వాళ్ళ వెనక. ఛాతీ మీద నంబరు వేసుకుని కనిపించే ఆ పల్చటి జాకెట్టునే బిబ్ అంటారు. నన్నడిగితే స్కీ రేసర్ కెరీరంటే పతకాల కథ కాదు, ఆ బిబ్ నంబరు కథ. 60 నుంచి 30కి, 30 నుంచి 15కి, 15 నుంచి 7లోపుకి రావడానికి ఏళ్ళు పడతాయి. మళ్ళీ వెనక్కి పోవడానికి ఒక మోకాలు చాలు.

న్యాయం అన్నారు కాబట్టి ఇంకో ముక్క. స్లాలొమ్, జెయింట్ స్లాలొమ్‌లలో రెండేసి రన్‌లు ఉంటాయి, అంటే రెండుసార్లు దిగాలి, రెండు టైములూ కలుపుతారు. మొదటి రన్‌లో తొలి 30 మందిలో ఉంటేనే రెండో రన్ ఆడనిస్తారు. అక్కడ వరస తిరగబడుతుంది, 30వ స్థానంలో ఉన్నవాడు మొదట దిగుతాడు, మొదటి స్థానంలో ఉన్నవాడు ఆఖరికి దిగుతాడు. 2024 ఫిబ్రవరిలో ఫ్రాన్స్‌లోని షమోనీలో స్విస్ రేసర్ డానియల్ యూల్ మొదటి రన్‌లో సరిగ్గా 30వ వాడు, మొదటి స్థానంలో ఉన్నవాడి కంటే దాదాపు రెండు సెకన్లు వెనక. స్లాలొమ్‌లో రెండు సెకన్లంటే ఇక ఆశ వదులుకోవాల్సినంత. కానీ ఆ రోజు వాతావరణం వెచ్చగా ఉంది, మంచు మెత్తబడుతోంది. ఇతను మొదట దిగి, ఇంకా గాళ్ళు పడని దారిలో దూసుకొచ్చి కింద కూర్చున్నాడు. ఒకళ్ళ తరవాత ఒకళ్ళు 29 మందికి వంతొచ్చింది, మొత్తం టైములో ఒక్కరూ అతన్ని దాటలేకపోయారు. ప్రపంచ కప్‌లో, అంటే సీజను పొడుగునా ఊరూరా జరిగే పెద్ద రేసుల వరసలో, 30వ స్థానం నుంచి గెలవడం అంతకుముందు ఎప్పుడూ జరగలేదు. మొదటి రన్‌లో 31వ వాడైపోయి ఇంటిదారి పట్టిన మనిషి ఆ సాయంత్రం ఏమనుకుని ఉంటాడో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంటుంది.

ప్రశ్న: సెకనులో వందో వంతు తేడాతో గెలిచారంటారు. అది కంటికి కనబడుతుందా అసలు?

జవాబు: కనబడదు. గంటకు వంద కిలోమీటర్ల వేగంలో సెకనులో వందో వంతు అంటే 28 సెంటీమీటర్లు, జానెడు కంటే కాస్త ఎక్కువ. 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్ సూపర్ జీలో ఆస్ట్రియా అమ్మాయి అన్నా ఫైత్ గెలిచేసిందని అంతా అనుకుంటున్నారు, పేరున్నవాళ్ళందరూ దిగేశారు కదా అని. అప్పుడు 26వ నంబరు వేసుకుని చెక్ దేశపు ఎస్తర్ లెదెట్స్కా దిగింది. ఆవిడ స్నోబోర్డులో, అంటే రెండు కాళ్ళకీ కలిపి ఒకే పలక కట్టుకునే ఆటలో, పేరున్న మనిషి, స్కీలలో ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. సరిగ్గా ఒక్క వందో వంతు తేడాతో స్వర్ణం కొట్టి, కింద బోర్డు వంక చూస్తూ అలాగే నిలబడిపోయింది, ఏదో పొరపాటు జరిగిందనుకుని. ఆ మొహం చూడాల్సిందే. సరిగ్గా వారానికి స్నోబోర్డులోనూ స్వర్ణం తీసుకుంది.

ఇక 2014 సోచీ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ డౌన్‌హిల్‌లో స్లొవేనియా రేసర్ టీనా మాజె, స్విస్ రేసర్ డొమినిక్ జిసిన్ ఇద్దరూ వందో వంతు దాకా ఒకే టైముతో వస్తే ఇద్దరికీ స్వర్ణం ఇచ్చేశారు.

ప్రశ్న: అంకుల్, నాకు 15 ఏళ్ళు. మికేలా షిఫ్రిన్ వీడియోలన్నీ చూశాను. ఇంతవరకు స్కీలు ఎక్కలేదు. ఇప్పుడు మొదలుపెడితే ప్రపంచ కప్‌లో ఆడగలనా? నిజం చెప్పండి.

జవాబు: నిజం చెప్పమన్నావు కాబట్టి చెప్తున్నానమ్మా, ప్రపంచ కప్ అంటే దాదాపు కుదరని పని. నీలో లోపం ఉండి కాదు, నీతో పోటీ పడేవాళ్ళు నడక నేర్చిన కొత్తలోనే స్కీలు ఎక్కేశారు. అమెరికా రేసర్ షిఫ్రిన్‌నే తీసుకో. వాళ్ళ అమ్మానాన్నలిద్దరూ రేసులు ఆడినవాళ్ళే. ఆ అమ్మాయి ప్రపంచ కప్‌లో మొదటిసారి దిగింది 2011 మార్చిలో, అప్పటికి పదహారు నిండడానికి ఇంకా రెండు రోజులు ఉంది. 17 ఏళ్ళకి స్వీడన్‌లోని ఓరెలో మొదటి గెలుపు, 18కి సోచీలో ఒలింపిక్ స్వర్ణం. స్వీడన్‌కే చెందిన ఇంగెమార్ స్టెన్మార్క్ పేరిట ముప్పై ఏళ్ళకు పైగా చెక్కుచెదరకుండా ఉన్న 86 గెలుపుల రికార్డుని 2023 మార్చిలో దాటింది, అదీ ఆ ఓరెలోనే. 2025 ఫిబ్రవరిలో నూరో గెలుపు కూడా అయింది.

మెట్లు ఎలా ఉంటాయో కూడా చెప్తాను, అడగలేదు గానీ తెలిస్తే చూసేటప్పుడు మజా వస్తుంది. 16 నిండే ఏడాది సీజను నుంచి అంతర్జాతీయ స్కీ సమాఖ్య, అదే ఫిస్, రేసుల్లో ఆడనిస్తారు. అక్కడ ప్రతి రేసుకీ పాయింట్లు ఇస్తారు. తమాషా ఏంటంటే ఎన్ని తక్కువుంటే అంత గొప్ప, మార్కులు తక్కువొస్తే మిఠాయిలు పంచుకునే పరీక్షన్నమాట. గెలిచినవాళ్ళకి ఎంత దగ్గర్లో ఉన్నావు, ఆ రేసుకి వచ్చినవాళ్ళు ఎంత గట్టివాళ్ళు అన్నదాన్ని బట్టి ఆ లెక్క కడతారు. అందుకే కుర్ర రేసర్లు గెలవలేమని తెలిసి కూడా పెద్దవాళ్ళుండే రేసులు వెతుక్కుంటూ పోతారు, ఎక్కడో 70వ నంబరుతో దిగి, గాళ్ళలో కొట్టుకుంటూ, పాయింట్లు నాలుగు తగ్గితే అదే పండగ. అక్కడి నుంచి యూరప్ వాళ్ళకి యూరోపా కప్, అమెరికా, కెనడా వాళ్ళకి నార్-ఆమ్ కప్, అందులో నిలబడితే ప్రపంచ కప్‌లో చోటు. అక్కడ లెక్క మళ్ళీ తిరగబడుతుంది, ఎక్కువొస్తేనే గొప్ప. గెలిస్తే 100, రెండో స్థానానికి 80, మూడుకి 60, అలా దిగుతూ దిగుతూ 30వ స్థానానికి ఒకే ఒక్క పాయింటు. 31కి గుండు సున్నా.

నీ విషయానికొస్తే, నేర్చుకో. రేసు ఆడటానికి కాదు, ఆ జారడంలో ఉన్న సుఖం కోసం. రేసుల లోకమే కావాలనుంటే అందులో కోచ్‌లు, ఫిజియోలు, స్కీలు సిద్ధం చేసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, వాళ్ళందరూ చాంపియన్లు కారు. ఇంకో మాట, 15 ఏళ్ళ వయసులోనే పనికిరాడని స్కీ స్కూలువాళ్ళు తేల్చేసిన ఒక కుర్రాడి సంగతి ఆఖరి ప్రశ్నలో ఉంది, అది చదవకుండా పేజీ తిప్పకు.

ప్రశ్న: రేసు మొదలయ్యే ముందు వీళ్ళు కళ్ళు మూసుకుని చేతులు అటూ ఇటూ ఊపుతుంటారు, పూనకం వచ్చినట్టు. ఏంటది?

జవాబు: బట్టీ పట్టింది అప్పజెప్పుకుంటున్నారు. డౌన్‌హిల్‌కి మాత్రమే ముందు రోజుల్లో ట్రయల్ రన్ ఉంటుంది. మిగతా మూడింటిలో ఆ దారిని రేసు వేగంతో మొదటిసారి చూసేది రేసులోనే. పొద్దున్నే కొంత సమయం ఇస్తారు, అప్పుడు స్కీలు అడ్డంగా పెట్టి మెల్లగా జారుతూ, గేటు గేటు దగ్గరా ఆగి, ఇక్కడ వాలు పెరుగుతోంది, ఈ మిట్ట వెనక గేటు కనబడదు, అక్కడ తొందరగా తిరగాలి అని బుర్రలోకి ఎక్కించుకోవాలి. దీన్నే ఇన్‌స్పెక్షన్ అంటారు. స్లాలొమ్‌లో అలా యాభై పైచిలుకు గేట్లు గుర్తుండాలి, మధ్యాహ్నం రెండో రన్‌కి గేట్లన్నీ మార్చేసి మళ్ళీ మొదటినుంచి. పైన స్టార్ట్ దగ్గర కళ్ళు మూసుకుని అరచేతుల్నే స్కీలుగా ఊపుతూ వాళ్ళు అప్పటికే ఒకసారి కిందికి వచ్చేస్తుంటారు. మధ్యలో చెయ్యి ఆగిందంటే అక్కడ గేటు గుర్తు రాలేదన్నమాట.

ప్రశ్న: మంచి రేసరుకి ఏ స్కీలు ఇచ్చినా గెలుస్తాడా? స్కీలదేముంది, రెండు చెక్కలే కదా.

జవాబు: ఈ మాట ఒక సర్వీస్‌మ్యాన్ ముందు అనకండి, చేతిలో ఆకురాయి ఉంటుంది.

ప్రతి పెద్ద రేసరు వెనకా స్కీలు చూసుకునే మనిషి ఒకరుంటారు, ఎక్కువగా స్కీ కంపెనీయే జీతమిచ్చి పెడుతుంది. రేసరు నిద్రపోయే టైముకి ఇతని డ్యూటీ మొదలవుతుంది. స్కీ అడుగున రెండు పక్కలా సన్నటి ఉక్కు అంచు ఉంటుంది, ఐస్‌ని పట్టుకునేది అదే. దాన్ని ఏ కోణంలో అరగదీయాలో డిగ్రీలో సగం దాకా లెక్క ఉంటుంది, ఒకే జతలో కొన దగ్గర ఒకలా, పాదం కింద ఇంకోలా. ఆకురాయితో లాగి, సానరాయితో నునుపు చేసి, చివర్న బొటనవేలి గోరుని ఆ అంచు మీద అడ్డంగా గీరి చూస్తాడు. తెల్లటి పొట్టు లేచిందా, పదును సరిపోయింది. తరవాత ఇస్త్రీపెట్టె లాంటి దానితో మైనం కరిగించి అడుగున పూయడం, చల్లారాక గీకేయడం, బ్రష్షు కొట్టడం. రేపు మంచు ఎంత చల్లగా ఉంటుంది, తేమ ఎంత అన్నదాన్ని బట్టి మైనం మారుతుంది, అంచనా తప్పితే రేసరు ఎంత బాగా ఆడినా చప్పటి చోట్ల వెనకబడిపోతాడు. ఇంతకుముందు ఫ్లోరిన్ కలిపిన మైనాలు వాడేవాళ్ళు, బ్రహ్మాండంగా జారేవి, కానీ ఆ రసాయనాలు మట్టిలో, నీళ్ళలో పోకుండా ఉండిపోతాయని 2023-24 సీజను నుంచి నిషేధించారు. ఆ సీజను మొట్టమొదటి రేసులోనే, ఆస్ట్రియాలోని జోల్డెన్‌లో, నార్వే అమ్మాయి రాన్‌హిల్ మోవింకెల్ స్కీల మీద ఫ్లోరిన్ జాడ కనబడిందని రేసు నుంచి తీసేశారు.

స్కీల పొడవులు కూడా ఒకటి కాదు. మగవాళ్ళ స్లాలొమ్ స్కీ 165 సెంటీమీటర్లైతే డౌన్‌హిల్ స్కీ 218, మనిషి కంటే పొడుగు. డౌన్‌హిల్, సూపర్ జీ లాంటి వేగం రేసులాడేవాళ్ళు పదుల జతలు వెంటేసుకుని తిరుగుతారు. బూట్ల సంగతి అడగలేదు గానీ, మనం రోజూ వేసుకునే సైజు కంటే చిన్నవి, పాదం అంగుళం కదలకుండా బిగించేస్తారు. రన్ అయిపోగానే చాలామంది మొదట చేసే పని ఆ బకిల్స్ ఊడదీయడం.

ప్రశ్న: వీళ్ళకి జీతం ఎవరిస్తారు? గెలవనివాళ్ళు ఎలా బతుకుతారు?

జవాబు: మంచి ప్రశ్న, నాకు ఇష్టమైన ప్రశ్న కూడా. పైనున్న కొద్దిమందికి ఢోకా లేదు. ఆస్ట్రియాలో కిట్స్‌బ్యూల్ అనే ఊళ్ళో జరిగే డౌన్‌హిల్‌కి ఉన్నంత పేరు ఇంక దేనికీ లేదు, 2025లో అక్కడ విజేతకు లక్ష యూరోలిచ్చారు. కానీ ఆ డబ్బు కిందికి దిగేకొద్దీ జారుడు బండ మీద జారినట్టే తగ్గుతుంది. రేసుకి పదిహేనో ఇరవయ్యో వచ్చేవాడు కూడా ప్రపంచంలో ఆ పని అంత బాగా చేయగల ఇరవై మందిలో ఒకడు, అయినా ప్రైజ్ మనీ మీద ఇల్లు గడవదు.

అసలు ఆదాయం వేరే దారుల్లో వస్తుంది. రేసు అవగానే రేసరు ఏం చేస్తాడో ఈసారి గమనించండి. ఆయాసం తీరకముందే ఒక స్కీ ఊడదీసి కంపెనీ పేరు కెమెరాకి కనబడేలా మొహం పక్కన నిలబెట్టుకుంటాడు. అది అలవాటు కాదు, కాంట్రాక్టు. రెండోది తలకాయ. ఒంటి మీది సూటు సాధారణంగా జాతీయ స్కీ సంఘం చేతిలో ఉంటుంది, దాని మీద వాళ్ళ స్పాన్సర్లే. హెల్మెట్ ముందున్న కాస్త చోటు మాత్రం రేసరు సొంతం, చాలామందికి అదే పెద్ద ఆస్తి. ఈ హక్కుల దగ్గర తగాదాలు రాకుండా ఉండవు. నార్వే తరఫున ప్రపంచ కప్ స్లాలొమ్ టైటిల్ గెలిచిన లూకస్ బ్రాథెన్, ఈ రకం వివాదంలోనే స్కీ సంఘంతో పొసగక 23 ఏళ్ళకే, 2023 అక్టోబరులో, సీజను ఇంకా మొదలవకుండానే ఆట మానేస్తున్నానన్నాడు. తరవాత తల్లి దేశమైన బ్రెజిల్ తరఫున తిరిగొచ్చాడు. మంచు అంతగా పడని దేశం జెండాతో పోడియం ఎక్కుతుంటే చూడ్డానికి భలే ఉంది.

ఇక గెలవనివాళ్ళు. ఇటలీ, ఆస్ట్రియా, జర్మనీ, ఫ్రాన్స్ లాంటి చోట్ల చాలామంది రేసర్లు కాగితం మీద సైనికులో, పోలీసులో, కస్టమ్స్ ఉద్యోగులో అయి ఉంటారు. నెల జీతం వస్తుంది, చేసే పని స్కీయింగే. అలాంటి ఏర్పాటు లేని దేశాల్లో కుర్ర రేసర్ల ఖర్చు చాలావరకు అమ్మానాన్నల మీదే పడుతుంది, ఎండాకాలంలో మంచు వెతుక్కుంటూ చిలీకో న్యూజిలాండ్‌కో ట్రైనింగ్‌కి పోవడంతో సహా. ప్రతిభ ఉండి కూడా ఈ మెట్టు మీదే ఆగిపోయినవాళ్ళు ఎంతమందో ఏ పట్టికలోనూ ఉండదు.

ప్రశ్న: మా అబ్బాయి వీటిని టీవీలో చూస్తుంటే వాళ్ళు పడిపోయినప్పుడు నేను కళ్ళు మూసుకుంటాను. అంత దెబ్బలు తగిలాక మళ్ళీ ఎందుకు వెళ్తారు? వాళ్ళ అమ్మలు ఎలా ఒప్పుకుంటారు?

జవాబు: అమ్మల సంగతి నేను చెప్పలేనమ్మా, కిందున్న వాళ్ళ మొహాలు కెమెరా చూపించినప్పుడల్లా నేనూ తల తిప్పేసుకుంటాను.

ఈ ఆటలో పగ మోకాలి మీద. మోకాలి ఎముకల్ని కలిపి పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంటు తెగడం ఎంత మామూలంటే, రేసర్లు మాట్లాడుకునేటప్పుడు నీకు ఎడమదా, కుడిదా అని అడుగుతారు. పడితేనే తెగుతుందని కూడా లేదు. మలుపులో బయటి స్కీ క్షణం పాటు మంచుని వదిలేసి, మళ్ళీ ఠక్కున పట్టుకుంటే చాలు, కాలు లోపలికి మెలిపడి మోకాలు పోతుంది. పడిపోవడం దాని తరవాత. ఆపరేషను, ఆపైన ఎంత లేదన్నా ఆరు నుంచి తొమ్మిది నెలలు, అంటే ఒక సీజను పోయినట్టే. గాయపడ్డవాళ్ళ ర్యాంకుని కొంతకాలం కాపాడే నిబంధన ఉంది గానీ, అది ఎప్పటికీ ఆగదు. మోకాలు బాగయ్యేలోపు బిబ్ నంబరు పెరిగిపోతుందేమోనన్న టెన్షన్‌తో తొందరపడి వచ్చేసి మళ్ళీ తెంచుకున్నవాళ్ళున్నారు.

అమెరికా రేసర్ లిండ్సీ వాన్‌ది చూడండి. 2013 ఫిబ్రవరిలో ఆస్ట్రియాలోని ష్లాడ్మింగ్‌లో పడి కుడి మోకాలు చిందరవందర అయింది, అదే ఏడాది మళ్ళీ దెబ్బ తగిలి సోచీ ఒలింపిక్స్ పోయింది. తిరిగొచ్చి గెలిచింది, మొత్తం 82 గెలుపులతో 2019లో ఆపేసింది. 2024 ఏప్రిల్‌లో అదే మోకాల్లో కొంత భాగం తీసేసి లోహం పెట్టించుకుంది, నొప్పి లేకుండా నడవడానికి. నొప్పి పోయింది. నొప్పి పోగానే ఆవిడ ఏం చేసిందో ఊహించండి. పాత చాంపియన్లకి పాయింట్లు లేకపోయినా 30 మంది తరవాత దిగే అవకాశమిచ్చే నిబంధన ఆ సీజనులోనే వచ్చింది. డిసెంబరులో స్విట్జర్లాండ్‌లోని సెయింట్ మోరిట్జ్‌లో 31వ నంబరు వేసుకుని దిగి 14వ స్థానంలో వచ్చింది. ఒకప్పుడు అందరికంటే చిన్న నంబర్లలో దిగిన మనిషి. 2025 మార్చికల్లా, 40 ఏళ్ళ వయసులో, సూపర్ జీలో రెండో స్థానం. ఎందుకు వెళ్తారంటే నా దగ్గర ఇంతకంటే జవాబు లేదు.

భద్రత విషయంలో కొంత మారింది, అది కూడా దెబ్బలు తిన్నాకే. 2024 జనవరిలో వెంగెన్‌లో నార్వే రేసర్ అలెక్సాండర్ కిల్డే వలలోకి దూసుకుపోయినప్పుడు భుజం జారింది, సొంత స్కీ అంచే పిక్కని లోతుగా కోసేసింది. పైన సర్వీస్‌మ్యాన్ గోరు మీద చూసుకున్న పదును గుర్తుందిగా, అదే పదును. 2024-25 సీజను నుంచి ప్రపంచ కప్‌లో సులువుగా తెగని లోదుస్తులు తప్పనిసరి చేశారు. డౌన్‌హిల్, సూపర్ జీలలో సూటు లోపల ఎయిర్‌బ్యాగ్ కూడా. మనిషి అదుపు తప్పాడని సెన్సర్లు పసిగట్టిన మరుక్షణం మెడ, వీపు, ఛాతీ చుట్టూ ఉబ్బుతుంది. ఇవి రేసుల్లో. ప్రమాదం ట్రైనింగ్‌లోనూ తక్కువేం కాదు, ఫ్రాన్స్ రేసర్ డేవిడ్ ప్వాసాన్ 2017 నవంబరులో కెనడాలో ట్రైనింగ్‌లోనే చనిపోయాడు. ఆ విషయం దాచి మీకు ధైర్యం చెప్పలేను.

ప్రశ్న: ఒక్క రేసూ గెలవకుండా రిటైరైనవాళ్ళది వృథా కెరీరే కదా?

జవాబు: జొహాన్ క్లారేని గుర్తుపెట్టుకోమన్నాను. ఆ 161.9 కిలోమీటర్ల మనిషి, ప్రపంచ కప్‌లో ఒక్క రేసు కూడా గెలవలేదు. 2022 బీజింగ్ ఒలింపిక్స్ డౌన్‌హిల్‌లో 41 ఏళ్ళ వయసులో రజతం తీసుకున్నాడు, స్వర్ణానికి సెకనులో పదో వంతు దూరం. ఆల్పైన్‌లో అంతకుముందు ఆ వయసులో ఎవరూ ఒలింపిక్ పతకం తీసుకోలేదు. డౌన్‌హిల్‌లో ముసలివాళ్ళు నెట్టుకురావడానికి కారణం ఉంది, ఏటా అవే కొండలు, ఏ మిట్ట దగ్గర ఎంత ఎగురుతామో, ఎక్కడ నీడ పడుతుందో కాళ్ళకి గుర్తుండిపోతుంది. వృథానో కాదో ఆయన్నే అడగాలి.

అన్నీ గెలిచినవాళ్ళు కూడా ఎప్పుడు ఆపుతారో చెప్పలేం. ఆస్ట్రియా రేసర్ మార్సెల్ హిర్షర్ వరసగా ఎనిమిది సార్లు ప్రపంచ కప్ ఓవరాల్ టైటిల్, అంటే అన్ని రకాల రేసుల పాయింట్లూ కలిపితే మొదటి స్థానం, గెలిచి 30 ఏళ్ళకే చాలన్నాడు, ఐదేళ్ళ తరవాత తల్లి దేశం నెదర్లాండ్స్ తరఫున తిరిగొచ్చి 34వ నంబరుతో జోల్డెన్‌లో దిగాడు, కొన్ని వారాలకే ట్రైనింగ్‌లో ఏసీఎల్ తెంచుకున్నాడు. మూడు ఒలింపిక్ స్వర్ణాలున్న మథియాస్ మాయర్ 2022 డిసెంబరులో ఇటలీలోని బోర్మియోలో పొద్దున ఇన్‌స్పెక్షన్ చేసి, కిందికొచ్చి, టీవీవాళ్ళతో ఇదే నా ఆఖరి ఇన్‌స్పెక్షన్ అని చెప్పేశాడు. ఆ రోజు రేసు కూడా ఆడలేదు.

ప్రశ్న: ఒకటో నంబరు దిగకముందే కొందరు రేసర్ల లాగానే దిగుతుంటారు, టీవీవాళ్ళు పేరు కూడా చెప్పరు. ఎవరు వాళ్ళు?

జవాబు: వాళ్ళని ఫోర్‌రన్నర్లు అంటారు. టైమింగ్ పనిచేస్తోందా, దారి సరిగ్గా ఉందా అని చూడ్డానికి ముందు పంపిస్తారు. టైము నమోదవుతుంది గానీ లెక్కలోకి రాదు. ఎక్కువగా చుట్టుపక్కల స్కీ క్లబ్బుల కుర్రాళ్ళు ఈ పని చేస్తుంటారు.

1996 జనవరిలో ఆస్ట్రియాలోని ఫ్లాకావు అనే ఊళ్ళో ప్రపంచ కప్ జెయింట్ స్లాలొమ్ పెట్టారు. ఫోర్‌రన్నర్లలో ఆ ఊరి కుర్రాడే ఒకడున్నాడు. పదిహేనేళ్ళప్పుడు స్కీ స్కూలు నుంచి, ఎదుగుదల లేదు, మోకాళ్ళు బాగాలేవని పంపించేస్తే, ఎండాకాలం తాపీ పని చేసుకుంటూ, చలికాలం స్కీయింగ్ నేర్పుకుంటూ ఊళ్ళోనే ఉండిపోయాడు. ఇతని పేరూ మాయరే, హెర్మన్ మాయర్, పైన చెప్పిన మాయర్‌ వేరు, ఇతను వేరు. ఆ రోజు ఇతని టైము అసలు రేసులో అయితే 12వ స్థానంతో సమానం. కోచ్‌లు ఆ టైము చూసి జాతీయ జట్టు వైపు తీసుకున్నారు. ఏడాది తిరిగాక 1997 ఫిబ్రవరిలో మొదటి ప్రపంచ కప్ గెలుపు. 1998 నగానో ఒలింపిక్స్ డౌన్‌హిల్‌లో గాల్లోకి లేచి, రెండు వరసల వలలు దాటి మంచులో పడ్డాడు, మూడు రోజులకి లేచొచ్చి సూపర్ జీలో స్వర్ణం, ఇంకో మూడు రోజులకి జెయింట్ స్లాలొమ్‌లో ఇంకోటి. 2001లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో కాలు పోతుందన్నారు, 2003 జనవరిలో కిట్స్‌బ్యూల్‌లో మళ్ళీ గెలిచాడు. మొత్తం 54 గెలుపులు, నాలుగు ఓవరాల్ టైటిళ్ళు.

ఫ్లాకావులో ఆ రోజు రేసు ఫలితాల పట్టికలో వెతికితే మాత్రం అతని పేరు కనబడదు.